పెట్టిన ఆప్షన్ నిలవడం లేదు (ఆర్మ్64 కెర్నల్, పేజీ సైజు)

బూటుకాని_పెట్టె
మూడు రాత్రులుగా ఇదే గొడవ. నాలుగు కోర్టెక్స్-ఏ72 కోర్లున్న చిన్న బోర్డు ఒకటి ఉంది. దానికి 6.6 లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) సొంతంగా కట్టుకుందామని కూర్చున్నాను. కట్టేది నా ల్యాప్‌టాప్ మీద, అది మామూలు 64 బిట్ ఎక్స్86. ముందు ఆర్మ్64 (64 బిట్ ఆర్మ్ చిప్‌ల రకం) డెఫ్‌కాన్ఫిగ్, అంటే సిద్ధంగా ఉండే ఆప్షన్ల జాబితా, తెచ్చుకున్నాను, గొడవ లేకుండా జరిగింది. తరువాత ఆప్షన్లు మార్చే మెనూకాన్ఫిగ్ తెరిచి మెమరీ పేజీని (కెర్నల్ మెమరీని పంచే ముక్క) 4కే నుంచి 16కే (కిలోబైట్లు) చేద్దామని వెతికితే ఆ ఆప్షన్ ఎక్కడా లేదు. వేరే మార్పులు రెండు మూడు చేసి, సేవ్ చేసి బయటపడ్డాను. ఇక చేత్తోనే రాద్దామని, ఎంచిన ఆప్షన్లు ఉండే .కాన్ఫిగ్ ఫైలులో ఆర్మ్64_16కే_పేజెస్=వై అని లైను చేర్చాను. కెర్నల్ కట్టే మేక్ ఆదేశం కొట్టగానే ఆ లైను మాయం. మళ్లీ రాశాను, మళ్లీ మాయం. నేను రాసింది చెరిపేసే హక్కు దానికి ఎవరిచ్చారు?

మెనూరాణి
హక్కు దానిదే. .కాన్ఫిగ్ మీరు రాసుకునే ఉత్తరం కాదు, కెకాన్ఫిగ్ (కెర్నల్ ఆప్షన్లు చూసుకునే వ్యవస్థ) తనకు తాను రాసుకునే చిట్టా. మేక్ మొదలైనప్పుడల్లా ఆ ఫైలును చదివి, ప్రతి ఆప్షన్ షరతులూ సరిచూసి, పొసగనివి తీసేసి తిరిగి రాస్తుంది. ఒక్క మాట కూడా చెప్పదు, అదే దాని దుర్గుణం. చేత్తో రాయడం మానేసి మెనూకాన్ఫిగ్‌లో ఏటవాలు గీత (/) నొక్కండి, వెతుకు పెట్టె వస్తుంది. ఆప్షన్ పేరు ఇస్తే అది దేని మీద ఆధారపడిందో, ఆ షరతుల్లో ఏది ఇప్పుడు వై (ఉంది), ఏది ఎన్ (లేదు) అన్నదీ చూపిస్తుంది.

కత్తెర
ఎక్స్‌పర్ట్ అనే ఆప్షన్ ఆన్ చేయండి. సగం ఆప్షన్లు దాని వెనకే దాక్కుంటాయి.

బూటుకాని_పెట్టె
@కత్తెర ఆన్ చేశాను, తేడా లేదు. @మెనూరాణి వెతికాను. షరతుల సంగతి తరువాత, అసలు ఒక్క ఫలితం కూడా రాలేదు. అలాంటి పేరే లేదంటోంది. 6.6లో ఈ ఆప్షన్ తీసేశారా?

పాతకాపు
తీయలేదు. "షరతు కుదరక దాగింది" వేరు, "అసలు పేరే లేదు" వేరు. షరతు కుదరని ఆప్షన్ కూడా వెతుకులో కనిపిస్తుంది, మెనూలోనే కనిపించదు. వెతుకులోనూ లేదంటే ఆ ఆప్షన్ ఉన్న ఫైలును కెకాన్ఫిగ్ తెరవనే లేదు. ఒక పని చేయండి. .కాన్ఫిగ్ తెరిచి పైన ఉన్న మూడు లైన్లు ఇక్కడ పెట్టండి. మరేమీ వద్దు.

రాత్రిపిట్ట
పాతకాపు గారు మూడు లైన్లు అడిగారంటే జవాబు ఆయన దగ్గర ఎప్పుడో ఉందన్నమాట. 😀

బూటుకాని_పెట్టె
రెండో లైను: ఆటోమేటిక్‌గా తయారైన ఫైలు, మార్చవద్దు అని ఉంది. మూడో లైను: లైనక్స్/ఎక్స్86 6.6.0 కెర్నల్ కాన్ఫిగరేషన్.

అయ్యో.

పాతకాపు
అదే. డెఫ్‌కాన్ఫిగ్ కొట్టినప్పుడు ఆర్చ్=ఆర్మ్64 (ఏ రకం చిప్‌కు కట్టాలో చెప్పే మాట) అన్నారు. మెనూకాన్ఫిగ్ కొట్టినప్పుడు ఆ మాట మరిచిపోయారు. చెప్పకపోతే కెర్నల్ మీరు కూర్చున్న యంత్రాన్నే అడుగుతుంది, అది ఎక్స్86 అంటుంది. అప్పుడు ఆర్చ్ కింద ఉన్న ఎక్స్86 ఫోల్డరులోని కెకాన్ఫిగ్ ఒక్కటే తెరుచుకుంటుంది. మీ చక్కని ఆర్మ్64 ఫైలును అది చదువుతుంది, తెలియని పేర్లన్నీ పారేస్తుంది, మీరు సేవ్ అనగానే నిండైన ఎక్స్86 ఫైలు రాసిపెడుతుంది. ఆ తరువాత మీరు చేత్తో ఎన్నిసార్లు రాసినా దానికి అది పరాయి మాటే.

బూటుకాని_పెట్టె
కంపైలర్ -ఎం64 అనే ఆప్షన్ నాకు తెలియదని మొత్తుకుంటే కంపైలరే పాడైందనుకుని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. రెండుసార్లు.

సున్నా_ఒకటి
రెండుసార్లేనా? ఈ తప్పుతో నేను మొత్తం ల్యాప్‌టాప్‌లోనే ఆపరేటింగ్ సిస్టం మళ్లీ ఎక్కించాను. ధైర్యంగా ఉండండి.

ఒక చిట్కా: ఆర్చ్, క్రాస్_కంపైల్ (ఏ కంపైలర్ వాడాలో చెప్పేది) రెండూ ఒక చిన్న షెల్ స్క్రిప్టులో పెట్టి, మేక్ బదులు దాన్నే పిలవండి. ఒక్కో ఆర్కిటెక్చర్‌కు ఓ= తో వేరే ఫోల్డరు ఇవ్వండి, అప్పుడు ఒకదాని .కాన్ఫిగ్ మీద మరొకటి పడదు. అయితే వేరే ఫోల్డరు ఇచ్చినంత మాత్రాన ఆర్చ్ గుర్తుండదు, అది ప్రతిసారీ చెప్పాల్సిందే. సోర్సు ఫోల్డరులో ఇదివరకు కట్టినదేదైనా మిగిలి ఉంటే ముందు ఎంఆర్‌ప్రాపర్ (అంతా శుభ్రం చేసే ఆదేశం) కొట్టమంటుంది. ఎంఆర్‌ప్రాపర్ అక్కడున్న .కాన్ఫిగ్‌ను కూడా ఊడ్చేస్తుంది, నకలు తీసుకోకుండా కొట్టవద్దు.

అర్ధవిరామం
క్రాస్_కంపైల్ విలువ చివర హైఫన్ ఉండాలి, అది కంపైలర్ పేరుకు ముందు అతికే ముక్క. ఇంకొకటి, అక్కడ ఏఆర్చ్64 అంటారు, ఇక్కడ ఆర్మ్64 అంటారు. కంపైలర్ వాళ్లకు ఒక పేరు, కెర్నల్ వాళ్లకు ఇంకో పేరు. యంత్రం రకం చెప్పే యూనేమ్ కూడా ఏఆర్చ్64 అనే చెబుతుంది. ఒకే మనిషికి పుట్టింట్లో ఒక పేరు, అత్తింట్లో ఒక పేరు.

రాత్రిపిట్ట
పవర్‌పీసీ కూడా అంతే. యూనేమ్ పీపీసీ64ఎల్ఈ అంటుంది, ఫోల్డరు పేరు పవర్‌పీసీ.

బూటుకాని_పెట్టె
అందరికీ దండాలు. ఆప్షన్ కనిపించింది, 16కే పెట్టాను, సేవ్ చేశాను, నిలిచింది. పైన మూడో లైనులో ఆర్మ్64 అనే ఉంది. ఇమేజ్ తయారైంది.

ఇప్పుడు కొత్త కథ. బోర్డులో వేస్తే కెర్నల్‌ను లేపే యూ-బూట్ "కెర్నల్ మొదలుపెడుతున్నాను" అంటుంది, అంతే. సీరియల్ తీగ మీద ఒక్క అక్షరం రాదు. మొదటి దశలోనే సందేశాలు చూపే ఎర్లీకాన్ పెట్టాను, అయినా రాదు. యంత్రాన్ని ల్యాప్‌టాప్‌లోనే అనుకరించే క్యూఎము లోనూ అదే మౌనం.

కత్తెర
సీరియల్ డ్రైవర్ ఎం (తరువాత విడిగా ఎక్కే మాడ్యూలు) గా ఉందేమో. కన్సోల్ ఎప్పుడూ వై గా ఉండాలి, మాడ్యూలు అయితే మొదటి మాటలు వినిపించవు.

మెనూరాణి
క్యూఎము లో -సీపీయూ ఇచ్చారా? దాని వర్ట్ అనే నమూనా యంత్రానికి ఏమీ చెప్పకపోతే అది కోర్టెక్స్-ఏ15 పెడుతుంది, అది 32 బిట్. 64 బిట్ కెర్నల్‌ను దాని నోట్లో పెడితే ఇలాగే నోరు మెదపదు. నేను ఒక సాయంత్రమంతా అక్కడే పోగొట్టుకున్నాను.

బూటుకాని_పెట్టె
ఇచ్చాను, బోర్డులో ఉన్నదే కదా అని కోర్టెక్స్-ఏ72 అని ఇచ్చాను. సీరియల్ డ్రైవర్, దాని కన్సోల్ ఆప్షన్ రెండూ వై. సరదాకి -సీపీయూ మాక్స్ అన్నాను, వెంటనే బూటు అయింది! రూట్ ఫైల్ సిస్టం లేదని పానిక్ అయింది కానీ లాగ్ అంతా వచ్చింది. అదే ఇమేజ్. ఏ72 మీద మౌనం, మాక్స్ మీద మాటలు. దెయ్యమా?

పాతకాపు
దెయ్యం కాదు. ఏ72 కు 16కే పేజీలు రావు.

మూడు పేజీ సైజులూ ప్రతి ఆర్మ్64 కోరులోనూ ఉండాలన్న నియమం లేదు. 4కే, 16కే, 64కే లో ఏది ఉందో కోరు తన ఐడీ రిజిస్టరులో చెప్పుకుంటుంది. ఏ53, ఏ72 లాంటి పాత కోర్లు 4కే, 64కే మాత్రమే చేస్తాయి. ఏ76 కు 16కే ఉంది. కెర్నల్ మొదటి అసెంబ్లీ ముక్కలోనే ఆ రిజిస్టరు చదువుతుంది. తాను ఏ సైజుకు కట్టబడిందో ఆ సైజు ఈ కోరులో లేదని తెలిస్తే కోరును అక్కడే ఒక అంతులేని లూపులో నిలబెట్టేస్తుంది. అప్పటికి ఎంఎంయూ (మెమరీ అడ్రసులు అనువదించే భాగం) కూడా ఆన్ కాలేదు, కన్సోల్ మాట దేవుడెరుగు, ఎర్లీకాన్ కూడా లేవలేదు. చెప్పడానికి నోరే లేని దశ అది. క్యూఎము తన ఏ72 కు కూడా ఆ రిజిస్టరులో అదే విలువ పెడుతుంది, అందుకే అక్కడా మౌనం.

యూఈఎఫ్ఐ (ఫర్మ్‌వేర్ ద్వారా బూటు చేసే పద్ధతి) దారిలో బూటు చేసి ఉంటే "ఈ 16 కేబీ కెర్నల్ మీ సీపీయూకు సరిపడదు" అని ఒక లైను కనిపించేది. ఆ ముక్క ఫర్మ్‌వేర్ నోటితో మాట్లాడుతుంది. నేరుగా ఇమేజ్‌కు దూకితే ఆ భాగ్యం లేదు.

బూటుకాని_పెట్టె
మరి కెకాన్ఫిగ్ ఎందుకు ఆపలేదు? నేను ఏ72 అని దానికి చెప్పే చోటే కనబడలేదు!

పాతకాపు
లేదు, ఉండదు కూడా. మీ 6.6 లో ఎక్స్86 వైపు ప్రాసెసర్ కుటుంబం ఎంచుకునే మెనూ ఉంది. ఆర్మ్64 లో ఒకే ఇమేజ్ అన్ని బోర్డుల మీదా నడవాలన్నది మొదటినుంచీ ఉన్న పట్టుదల. 32 బిట్ ఆర్మ్‌లో ఒక్కో బోర్డుకు ఒక్కో డెఫ్‌కాన్ఫిగ్ పెట్టి పడిన అవస్థ చూశాక, 2012లో 3.7 తో ఆర్మ్64 వచ్చినప్పుడు ఆ తప్పు మళ్లీ చేయలేదు. అందుకే దానికి అసలైన డెఫ్‌కాన్ఫిగ్ ఒక్కటే. మెనూలో ఉన్న ప్లాట్‌ఫాం ఆప్షన్లు ఆయా చిప్‌ల డ్రైవర్లు చేర్చడానికే. కోరు ఏది, దానికి ఏమి వచ్చు అన్నది బూటులో తేలుతుంది. అటామిక్ ఎల్ఎస్ఈ సూచనలు (కొత్త కోర్లలోనే ఉండే, మధ్యలో తెగని మెమరీ పనుల ఆదేశాలు) చూడండి, ఆ ఆప్షన్ వై పెడితే పాత కోరు మీద పాత పద్ధతి, కొత్త కోరు మీద కొత్త పద్ధతి. బూటు సమయంలో కెర్నల్ తన కోడును తానే దిద్దుకుంటుంది. పేజీ సైజుకు మాత్రం అలాంటి దిద్దుబాటు లేదు. కట్టేటప్పుడే ఖాయం.

సున్నా_ఒకటి
ఎక్స్86 వైపు 6.16 నుంచి ఇంకో సరదా చేరింది, కట్టే యంత్రానికి అచ్చుగుద్దినట్టు సరిపోయేలా నేటివ్ అని పెట్టుకునే ఆప్షన్. ఆ ఇమేజ్ తీసుకెళ్లి పాత యంత్రంలో వేసి "మౌనంగా ఉంది" అని ఇక్కడ ఇంకో దారం మొదలుపెట్టేవాళ్ల కోసం ఎదురుచూస్తున్నాను.

రాత్రిపిట్ట
రిస్క్-వీ అనే మరో చిప్ రకంలో దీనికి మంచి తాళం పెట్టారు. వేరే బోర్డుల మీద బూటు కాకుండా పోయే ఆప్షన్లను నాన్‌పోర్టబుల్ అనే తలుపు వెనక పెట్టారు. ఆ తలుపు తీసినవాడికి తాను ఏమి చేస్తున్నాడో తెలిసే ఉంటుంది. ఆర్మ్64 లో పేజీ సైజుకు అలాంటిది లేకపోవడం లోటే.

మెనూరాణి
@రాత్రిపిట్ట లోటు అనను. 64కే పెద్ద సర్వర్లలో మామూలు. తలుపు పెడితే వాళ్లందరూ తిట్టుకుంటారు.

అసలు ప్రశ్న వేరే ఉంది. @బూటుకాని_పెట్టె గారూ, మీకు 16కే ఎందుకు?

బూటుకాని_పెట్టె
వేగం అని ఎక్కడో చదివాను…

మెనూరాణి
వేగం నిజమే, ఊరికే రాదు. పేజీ నాలుగింతలైతే టీఎల్‌బీలో (అడ్రసు అనువాదాలు దాచుకునే చోటు) అదే సంఖ్య ఎంట్రీలు నాలుగింతల మెమరీని కప్పుతాయి. అడ్రసు వెతికే పేజీ టేబుల్ మెట్లు కూడా తగ్గుతాయి: 4కే తో 48 బిట్ల అడ్రసుకు నాలుగు మెట్లు, 16కే తో 47 బిట్లకు మూడే. పెద్ద పెద్ద కంపైల్ పనుల్లో ఆ తేడా కనిపిస్తుంది. కానీ ఫైళ్లను మెమరీలో ఉంచే పేజీ క్యాషెలో ఒక కిలోబైటు ఫైలు కూడా ఒక పూర్తి పేజీని ఆక్రమిస్తుంది. చిన్న ఫైళ్లు వేలల్లో ఉండి, మెమరీ తక్కువ ఉన్న బోర్డు అయితే ఎంత వేగం వచ్చిందో అంత మెమరీ పోతుంది. 4కే ఉంచి ఏ72 ను సుఖంగా బతకనివ్వండి.

అర్ధవిరామం
నా అనుభవం 64కే తో. ముందు స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు భాగం) పోయింది. స్వాప్ పార్టిషన్ గుర్తు మొదటి పేజీ చివర ఉంటుంది. పేజీ సైజు మారితే ఆ "చివర" కూడా మారుతుంది, కొత్త కెర్నల్ వెతికిన చోట గుర్తు ఉండదు. మళ్లీ ఎంకేస్వాప్ చేశాక దారికి వచ్చింది. తరువాత ఒక ప్రోగ్రాం లేవలేదు, "ఈ సిస్టం పేజీ సైజు మద్దతు లేదు" అని మెమరీ పంచే జేమాలాక్ లైబ్రరీ గొణిగింది. దాన్ని కట్టినవాళ్లు 4కే అని గట్టిగా నమ్మి కట్టారు. మూడోది 32 బిట్ ప్రోగ్రాం ఒకటి. 64కే పెట్టగానే అలాంటివి నడిపే కాంపాట్ ఆప్షనే మాయం.

కత్తెర
@అర్ధవిరామం ఆ మూడోది ఎక్స్‌పర్ట్ వెనక దాక్కుంది! కాంపాట్ షరతు "4కే పేజీలు, లేదా ఎక్స్‌పర్ట్". మొదట్లో నేను చెప్పింది ఒక్క ఆప్షన్ విషయంలోనైనా నిజమైంది, అదే చాలు.

అర్ధవిరామం
ఒప్పుకున్నాను. కానీ ఎక్స్‌పర్ట్ ఆన్ చేసినా, ఆ 32 బిట్ ప్రోగ్రాం భాగాలు 4కే సరిహద్దుల మీద అమర్చి ఉంటే లేవదు. అందుకే ఆ షరతు.

బూటుకాని_పెట్టె
సరే, 4కే కు దిగొచ్చాను. బూటు అయింది! లాగ్ పరిగెత్తింది! ఈ ఊపులో @కత్తెర గారు పాత దారంలో చెప్పిన సన్నబరిచే పద్ధతి పాటించి చాలా ఆప్షన్లు ఎం చేశాను, కొన్ని తీసేశాను. ఇప్పుడు "రూట్ పరికరం కోసం ఎదురుచూస్తున్నాను" అన్న లైను దగ్గర నిలబడిపోయింది. ఎస్‌డీ కార్డు డ్రైవర్ వై, ఈఎక్స్‌టీ4 వై. ఇంకేమి కావాలి దానికి?

రాత్రిపిట్ట
కత్తెర గారి చేయి పడిందంటే ఏదో తెగిందనే.

కత్తెర
నేను "తెలిసినవి మాత్రమే తీయండి" అని కూడా రాశాను, అది ఎవరూ చదవరు.

@బూటుకాని_పెట్టె ఐ2సీ (చిప్‌లు మాట్లాడుకునే తీగ) కంట్రోలర్, పవర్ చిప్ రెగ్యులేటర్ డ్రైవర్లు ఎం చేశారా?

బూటుకాని_పెట్టె
చేశాను. ఎస్‌డీ కార్డుకూ ఐ2సీ కీ ఏమి సంబంధం?

కత్తెర
కార్డుకు కరెంటు ఎవరిస్తారు? రెగ్యులేటర్. రెగ్యులేటర్‌తో మాట్లాడేది ఐ2సీ మీద. కార్డు కంట్రోలర్ డ్రైవర్ లేచి డివైస్ ట్రీ (బోర్డు పరికరాల చిట్టా) చూస్తుంది, నాకు ఫలానా రెగ్యులేటర్ కావాలి అంటుంది, అది లేదు. అప్పుడు తప్పు అని చెప్పదు, "తరువాత వస్తాను" అని వాయిదా వేసుకుంటుంది. ఆ "తరువాత" రావాలంటే మాడ్యూలు ఎక్కాలి. మాడ్యూలు ఉన్నది కార్డు మీద. కార్డు తెరవాలంటే రెగ్యులేటర్ కావాలి. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేశారు.

రెండు దారులు: ఆ రెండూ వై చేయండి, లేదా కెర్నల్‌తో పాటు మెమరీలోకి ఎక్కే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లో ఆ మాడ్యూళ్లు పెట్టండి. క్లాకు, పిన్ కంట్రోలు డ్రైవర్లు కూడా చూసుకోండి, అదే కథ. ఇలాంటప్పుడు వెంటనే రీసెట్ నొక్కకుండా కొంతసేపు ఆగండి. ఏ ఏ పరికరాలు వాయిదాలో ఉన్నాయో లాగ్‌లో పడుతుంది.

సున్నా_ఒకటి
సన్నబరచడానికి లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. అది ఎల్ఎస్‌మాడ్ (ఎక్కిన మాడ్యూళ్ల జాబితా) చూసి, ఆ క్షణంలో ఎక్కి ఉన్న మాడ్యూళ్లే ఉంచుతుంది. ల్యాప్‌టాప్‌లో కొట్టి బోర్డుకు కడితే ల్యాప్‌టాప్ మాడ్యూళ్ల లెక్కన కోస్తుంది. బోర్డు మీద ఎల్ఎస్‌మాడ్ అవుట్‌పుట్ ఫైలులోకి తీసుకుని, ఎల్ఎస్‌మాడ్= తో ఆ ఫైలు ఇవ్వాలి. అప్పుడు కూడా ఆ సమయానికి గుచ్చని పెన్‌డ్రైవ్, కెమెరా లాంటివి జాబితాలో ఉండవు. నేను అలాగే యూఎస్‌బీ స్టోరేజ్ లేని కెర్నల్ ఒకటి కట్టుకుని, దాన్ని బాగుచేసే ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని కూర్చున్నాను.

పాతకాపు
సన్నబరిచే ఉత్సాహంలో ఎర్రాటా (చిప్‌లలోని లోపాలకు చికిత్సలు) మెనూ జోలికి పోలేదు కదా?

బూటుకాని_పెట్టె
…ఏ53 అని పేరున్నవి తీసేశాను. నాది ఏ72 కదా.

పాతకాపు
మీ బోర్డుకు ఫరవాలేదు. కానీ రేపు అదే ఫైలు ఏ53 ఉన్న బోర్డుకు వాడతారు, అప్పుడు గుర్తుండదు. ఉదాహరణకు 843419 అనే లోపం. అడ్రసు లెక్కించే ఏడీఆర్‌పీ సూచన 4కే పేజీలోని చివరి రెండు సూచనల చోట పడి, దాని తరువాతి సూచనలు ఒక రకంగా కుదిరితే తప్పు అడ్రసు రావచ్చు. దానికి చికిత్స లింకరు దగ్గరా, మాడ్యూలు ఎక్కించే దగ్గరా జరగాలి. ఆప్షన్ తీసేసిన కెర్నల్ కొన్ని నెలలు బాగానే నడిచి, ఏ సంబంధమూ లేని మార్పు ఒకటి చేసిన రోజున కూలుతుంది. మిగతా ఎర్రాటాల్లో చాలావరకు బూటులో కోరు గుర్తింపు చూసి అవసరమైతేనే దిద్దుకుంటాయి. ఉంచితే పోయేది కొన్ని కిలోబైట్లు. ఆ సహాయ పాఠాల కింద "తెలియకపోతే వై అనండి" అని ఊరికే రాయలేదు.

కత్తెర
ఈ విషయంలో నేనూ పాతకాపు గారి పక్షమే. సైజు తగ్గాలంటే డీబగ్ సమాచారం తీయండి, కట్టిన ఫోల్డరు సైజులో సింహభాగం అదే. మీ బోర్డులో లేని చిప్‌ల ప్లాట్‌ఫాంలు తీయండి, ఒక్కో దానితో డజన్ల డ్రైవర్లు పోతాయి. కట్టే సమయం కూడా బాగా తగ్గుతుంది.

మెనూరాణి
తీసేముందు ఎవరు ఎంచారో చూడండి. ఒక ఆప్షన్‌ను మరొకటి సెలెక్ట్ చేస్తే మీరు ఎన్ అన్నా అది వై గానే ఉంటుంది. సెలెక్ట్ షరతులు కూడా చూడదు, బలవంతంగా ఆన్ చేస్తుంది. వెతుకులో "సెలెక్ట్ చేసినవి" అన్న జాబితా ఉంటుంది, అసలు మూలం అక్కడ దొరుకుతుంది.

పాతకాపు
కెర్నల్ 2.4 కాలంలో మేక్ కాన్ఫిగ్ అని ఉండేది, ప్రశ్నలు వరుసగా అడిగేది. వెనక్కి వెళ్లే వీలు లేదు. నాలుగు వందల ప్రశ్నలు దాటాక తప్పు నొక్కితే మొదటినుంచి. ఇప్పుడున్న కెకాన్ఫిగ్ 2002లో 2.5.45 తో వచ్చింది. వెతుకు పెట్టె ఉన్న కాలంలో పుట్టారు, వాడుకోండి.

రాత్రిపిట్ట
ఆ మేక్ కాన్ఫిగ్ ఇప్పటికీ ఉంది. శత్రువులకు చెప్పండి.

బూటుకాని_పెట్టె
ఐ2సీ, రెగ్యులేటర్ రెండూ వై చేశాను. ఏ53 ఎర్రాటాలు తిరిగి పెట్టాను. లాగిన్ ప్రాంప్ట్ వచ్చింది. యూనేమ్ కొడితే నేను పెట్టిన పేరే చూపిస్తోంది, పదిసార్లు కొట్టి చూసుకున్నాను.

ఈ .కాన్ఫిగ్‌ను ఇప్పుడు ఎక్కడైనా భద్రం చేయాలి. వేల లైన్లు ఉంది, మొత్తం గిట్‌లో పెట్టాలా?

సున్నా_ఒకటి
మేక్ సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్. సహజ విలువకు భిన్నంగా మీరు పెట్టినవే మిగులుతాయి, కొన్ని వందల లైన్లు. అది గిట్‌లో పెట్టండి. కొత్త కెర్నల్‌కు మారినప్పుడు దాన్ని .కాన్ఫిగ్‌గా పెట్టి ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ కొట్టండి, ఏమి మారిందో స్క్రిప్ట్స్ ఫోల్డరులోని డిఫ్‌కాన్ఫిగ్ చెబుతుంది. ఐకేకాన్ఫిగ్_ప్రాక్ కూడా వై చేసుకోండి. ఫైలు పోయినా నడుస్తున్న కెర్నల్ నుంచే ప్రాక్ కింద తీసుకోవచ్చు.

బూటుకాని_పెట్టె
కొట్టాను. వచ్చిన ఫైలు చూస్తే ఆర్మ్64 ఆప్షన్లు మాయం.

పాతకాపు
ఆర్చ్.

బూటుకాని_పెట్టె
…ఆర్చ్. స్క్రిప్టు రాస్తున్నాను, ఇప్పుడే.